తాళం వేసిన ఇళ్ళు

మార్చి 3, సోమవారం. ఎండ. సైకిల్ చెయిన్‌కి నూనె వేశాను.
నిన్న చూసిన ఎన్నికల సినిమాకి మూలం ఒక నవలట. లైబ్రరీలో దొరికింది. సినిమాకి పొట్ట పట్టుకుని నవ్వావు కదా, మళ్ళీ చదవడం దేనికి, పరీక్షేమైనా రాస్తావా అన్నాడు బావ.

మార్చి 4. మంత్రి సినిమాలో లాగే ఉన్నాడు. పుస్తకంలో ఒక గుమాస్తా ఉన్నాడు. సినిమాలో వాడు లేడు.

మార్చి 5, మధ్యాహ్నం 1:20, ఆఫీసులో. అన్నం తినలేదు.
ఆ గుమాస్తా ఓటర్ల జాబితా పట్టుకుని కూలీల వీధికి పగలు పదకొండింటికి వెళతాడు. అన్నీ తాళాలు. రెండోసారీ అదే వేళకి వెళ్ళి, ఇక్కడ నివాసం ఉండటం లేదని రాసేస్తాడు. లంచం తీసుకోడు. రూల్ తప్పడు. వీధి మొత్తం జాబితాలోంచి పోతుంది.
పదిహేనేళ్ళుగా ఓటర్ల తనిఖీకి నేనూ పదకొండింటికే వెళుతున్నాను. ఆ తర్వాత ఎండ ముదురుతుందని. పోయిన నెల మిల్లు వీధిలో నూట పద్నాలుగు పేర్లు కొట్టేశాను.
పుస్తకం అచ్చయ్యేనాటికి నేనింకా ఉద్యోగంలో చేరలేదు.

సాయంత్రం 7. మిల్లు వీధికి వెళ్ళాను. ఇంటింటా మనుషులు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఒకావిడ, ఏంటన్నయ్యా, ఈ వేళప్పుడు దారి తప్పారా అంది. వాళ్ళ అత్తకి మతిమరుపట, పగలు లోపల ఉంచి బయట తాళం వేసి పనికి పోతారట. ఆ ముసలావిడ నా గొంతు గుర్తుపట్టింది. ఆ రోజు తలుపు కొట్టింది నువ్వే కదా నాయనా, నేను పలికాను, వినపడలేదా అంది.
రేడియో అనుకున్నానని చెప్పాను.
అబద్ధం. ఏమీ అనుకోలేదు. విన్నాను, రాసేశాను.

మార్చి 6. జాబితా ఆపమని ఆఫీసర్‌ని అడిగాను. సినిమా చూసొచ్చావా, మా ఆవిడైతే రెండుసార్లు చూసింది అని నవ్వాడు. రెండుసార్లు వెళ్ళావు, నీ తప్పేముందయ్యా, రేపు పదింటికి జాబితా పోవాలి, నీ సంతకం ఒక్కటే బాకీ అన్నాడు.
సాయంత్రం మిల్లు వీధిలోని ముప్పై ఇళ్ళూ తిరిగాను. అందరూ ఉన్నారు.

మార్చి 7, ఉదయం 9:50. పాత జాబితా మీద సంతకం పెట్టలేదు. నూట పద్నాలుగు పేర్లూ తిరిగి రాసి ఆఫీసర్‌కి ఇచ్చాను. ఈసారి నవ్వలేదు. తన గది అద్దం అవతల నిలబడి, ఫోన్‌లో ఎవరికో నా పేరు ఒక్కో అక్షరమే చెబుతున్నాడు. ఇవాళ మబ్బు. పొద్దున లేవగానే... పిలుస్తున్నారు, వెళ్ళాలి.