తూకం ఎక్కిన మేనకోడలు

నుకుఅలోఫా, స్కూలు హాస్టలు
మంగళవారం

పూజ్యులైన మెలెనైటే అత్తయ్యకు, మేనకోడలు లోసే కొంచెం ప్రేమతో, ఎక్కువ భయంతో రాసేది.

పడవలో మీరు పంపిన, చేమాకుల్లో చుట్టి వండిన మాంసం అందింది. గదిలో ఐదుగురం ఉంటాం. నలుగురు తిన్నారు, నేను తినలేదు.

అత్తయ్యా, వచ్చే నెల స్కూలు పండగలో నేను ఒక్కదాన్నే ముందు నిలబడి నాట్యం చెయ్యాలని కబురు పెట్టారు కదా. నేను చెయ్యను. ఈ మధ్య నాకు చాలా బరువుగా ఉంది. ఎవరి కంటా పడాలని లేదు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

మీ లోసే

తా.క. నాన్నకు చెప్పొద్దు. ఆయన అమ్మకు చెబుతారు, అమ్మ చర్చిలో ప్రార్థన పెట్టిస్తుంది.

~

ఫోవా దీవి
శుక్రవారం

చిరంజీవి లోసేకు, మీ అత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ మేమూ పందులూ క్షేమం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బరువుగా ఉందా? తిండి సయించడం లేదా? ఎవరి కంటా పడాలని లేదా? నాకు అర్థమైంది పిల్లా! నేనూ ఒకప్పుడు పదిహేనేళ్ళదాన్నే.

ఆ అబ్బాయి ఎవరు? ఏ ఊరు? వాళ్ళ మేనత్త ఎవరు? ముందు నాకు చెప్పాలి. ఈ ఇంట్లో పెళ్ళి మాట మేనత్త నోట రావాలి గాని నీ గుండెలో పుట్టకూడదు. చదువయ్యేదాకా వాడి వంక చూడకు. బాగా తిను, నిండుగా ఉండు.

ఇట్లు మీ అత్తయ్య

తా.క. పాట పాడేవాడైతే అసలే వద్దు. మీ మామయ్య పాడేవాడు. పెళ్ళయ్యాక మానేశాడు.

~

హాస్టలు
బుధవారం

అత్తయ్యకు, లోసే తల గోడకేసి కొట్టుకుంటూ రాసేది.

అబ్బాయి లేడు. బరువు అన్నది ఒంటి బరువు. ఆటల రోజున తీసిన నా ఫోటోను ఫోన్లలో తిప్పి, కింద "ఈమె ఎక్కితే పడవ మునుగుతుంది" అని రాశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తినడం మానేశాను. జబ్బు గదిలో తూకం మిషను ఉంది. రోజుకు మూడుసార్లు ఎక్కుతున్నాను.

ఫుసి టీచరు చూసేశారు. ఇప్పుడు వారానికోసారి నన్ను తన గదిలోకి పిలిచి తలుపేస్తారు. ఆవిడ అడుగుతారు, నేను ఏడుస్తాను, ఆవిడ రాసుకుంటారు. కొంచెం తేలికగా ఉంటోంది.

లోసే

తా.క. అబ్బాయి లేడు.

~

ఫోవా దీవి
ఆదివారం, చర్చి మానేసి

లోసేకు, అత్తయ్య మండిపడుతూ రాసేది.

తూకమా? ఇక్కడ మేము తూకం వేసేది పందినీ పెండలాన్నీ! నిన్నెవరు కొంటున్నారే? అందులోనూ రోజుకు మూడుసార్లా? బేరం తెగలేదా?

తలుపేసి ఏడిపించి, నీ కన్నీళ్ళు కాగితం మీద రాసుకునే ఆడది ఎవరు? నిన్నేదో పట్టిందని నాకు అనుమానం. సంచిలో ఆకులు పంపుతున్నాను. నూరి నుదుటికి పట్టించు, నోట్లో పెట్టుకోకు. ఆ ఫుసి నిన్ను వదిలిపెట్టడానికి ఒక పందిపిల్లను కూడా పంపుతున్నాను.

మీ అత్తయ్య

తా.క. పందిపిల్ల కరుస్తుంది. ఫుసికే ఇవ్వు.

~

హాస్టలు
గురువారం

అత్తయ్యకు,

పందిపిల్ల వార్డెనును కరిచింది. మీరు పంపిన ఆకులు వంటావిడ కూర అనుకుని పులుసులో వేసింది. నిన్న హాస్టలంతా మరుగుదొడ్ల ముందు వరసలో నిలబడింది. భోజనం మానేసిన నేనొక్కదాన్నే బాగున్నాను. అది చూసి నేనే ఏదో కలిపానని అనుకుంటున్నారు.

ఫుసి టీచరు మంత్రగత్తె కాదు. వినడమే ఆవిడ పని. నన్నెవరూ కొనడం లేదు. ఎలా రాస్తే మీకు అర్థమవుతుంది? అద్దంలో నన్ను చూస్తే నాకు అసహ్యం వేస్తోంది, అత్తయ్యా. అంతే.

లోసే

తా.క. ఈసారి ఏమీ పంపకండి.

~

నుకుఅలోఫా, నీ స్కూలుకు రెండు వీధుల అవతల
శనివారం

నా బంగారు లోసేకు, మెలెనైటే అత్తయ్య సిగ్గుపడుతూ రాసేది.

పైన ఊరి పేరు చూసి కంగారుపడకు. మంగళవారం దిగాను, నాలుగు రోజులుగా ఇక్కడే ఉన్నాను. "అసహ్యం" అన్న నీ మాట చదివి, పొయ్యి మీద కుండ అలాగే వదిలి పడవెక్కాను. నిన్ను చూసే ముందు ఆ ఫుసి సంగతి తేల్చాలని గొడుగు పట్టుకుని వెళ్ళాను. ఆ రోజు వాన లేదు.

ఆవిడ కుర్చీ వేసింది. "లోసే వయసులో మీరెలా ఉండేవారు?" అంది. అంతే పిల్లా, రెండు గంటలు ఏడ్చాను.

ఆ వయసులో నేను ఎండుచేపలా ఉండేదాన్ని. మా ఊళ్ళో సన్నగా ఉండడమంటే ఇంట్లో తిండి లేదని చాటింపు వేసినట్టే. నాట్యంలో నన్ను చివరి వరసలో, లావుపాటి అమ్మాయి వెనక నిలబెట్టేవారు. పదహారో ఏట ఒక పాత దుప్పటి మడిచి గౌను కింద నడుముకు చుట్టుకుని, పైన, చర్చికి అందరూ కట్టే నడుం చాప కట్టుకుని వెళ్ళాను. "మెలెనైటే ఎంత కళగా ఉందో!" అన్నారు అందరూ. ఇక విప్పలేదు. తర్వాత రెండో దుప్పటి చేరింది. ముప్ఫై ఏళ్ళయింది. ఊరు "నిండైన మనిషి" అని మెచ్చుకునేది నన్ను కాదు, రెండు దుప్పట్లను. మీ మామయ్యకు పెళ్ళయిన మర్నాడే తెలిసింది. పాపం, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నీకు "నిండుగా ఉండు" అని రాసింది ఇలాంటి మనిషి. నీ ఉత్తరం మొదటిసారే అర్థమై ఉండాలి నాకు. అర్థం కాకూడదని నేనే గట్టిగా అనుకున్నానేమో. క్షమించు.

నాట్యం చేస్తే చెయ్యి, లేకపోతే లేదు. మీ నాన్నకు నేను చెబుతాను. మన ఇళ్ళలో మేనత్త మాట మీద తండ్రి నోరెత్తడు. మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం నువ్వు ఒంటరిగా కూర్చోవద్దు. ఈ నెలంతా వచ్చి పక్కన కూర్చుంటానని వార్డెనును అడిగాను. కట్టు కట్టిన చెయ్యి చూపించి, సరేనంది.

రేపు చర్చి అయ్యాక గేటు దగ్గరికి రా.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క. అక్కడ నీకు తెలియని సన్నటి ఆవిడ ఒకతె నిలబడి ఉంటుంది. దాటి వెళ్ళిపోకు. నేనే.