పక్క సీట్లో కుర్చీ

సైనిక్‌పురి, సికింద్రాబాద్
సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి నీ కొడుకు ఆశీష్ రాసేది. ఆయన దయవల్ల నేనూ నీ కోడలు బ్యూలా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, నీ హాస్టల్ పిల్లలూ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. "ఒంట్లో" అని ఎందుకు రాశాడా అని నువ్వు కళ్ళజోడు సర్దుకుంటావని తెలుసు. సర్దుకో, కానీ కంగారు పడకుండా చివరిదాకా చదువు.

నీ చెవుల పుణ్యమా అని మనిద్దరికీ ఉత్తరాలే దిక్కయ్యాయి. ఫోన్ చేస్తే పక్కనున్న పిల్ల ఎవరో లాక్కుని నేనన్న ప్రతి మాటా నీకు అరిచి చెబుతుంది. ఈసారి సంగతి భీమవరంలో హాస్టల్ అంతా వినేలా అరిచి చెప్పేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆఫీసుకి సెలవు పెట్టాను. జ్వరమేమీ లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా కుడి భుజం నొప్పి తగ్గలేదు. నువ్వు పంపిన తైలం రాస్తున్నాను, ఇల్లంతా వాసన తప్ప గుణం కనిపించడం లేదు. వాన పడితే కారులోకి నీళ్ళు వస్తాయా అన్నావు. రావు. మీట నొక్కితే గుడ్డ కప్పు దానంతటదే వచ్చి మూసుకుంటుంది. కాళ్ళు వాడకుండా ఎలా నడుపుతావురా అని ఇది మూడోసారి అడగడం. స్టీరింగ్ పక్కన చేతికందేలా ఒక కడ్డీ బిగించారు. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. రవాణా ఆఫీసువాళ్ళు చూసి, నడిపించి, ముద్ర వేసి ఇచ్చారు. దొంగబండి కాదు.

ఆ ఎర్ర కారు బొమ్మ ఇంకా నీ బైబిల్లోనే ఉందని రాశావు. చదివి నవ్వుకున్నాను. నా చిన్నప్పుడు మరమరాలు పొట్లం కట్టిన కాగితం అది. నూనె మరకల మధ్య, రెండే సీట్లతో, నేలకి ఆనుకున్నట్టుండే కారు. నేను ఏడుస్తుంటే నువ్వు ఆ బొమ్మ జాగ్రత్తగా చింపి, "ప్రభువుకిష్టమైతే కొనుక్కుందువులే" అని కీర్తనల మధ్య పెట్టావు. ఆయనకిష్టమయ్యేసరికి నాకు నలభై దాటింది. అయినా పాతదైతేనేం, ఎర్రదే దొరికింది.

ఇక నీ ఉత్తరంలో మరో రెండు సంగతులు మిగిలాయి. బ్యూలాని ఎక్కడెక్కడ తిప్పావు అన్నది ఒకటి. వచ్చే వారం గురువారం నువ్వు రైలు దిగేసరికి ఆ కారుతోనే స్టేషన్‌కి రావాలి అన్నది రెండోది. నాలుగు రోజులుగా ఈ రెండూ నన్ను నిద్రపోనివ్వడం లేదమ్మా. మొదటినుంచీ చెప్తేగానీ నీకు అర్థం కాదు.

మన సంఘంలో ఎవరు బండి కొన్నా ఆరాధన అయ్యాక ప్రార్థన పెట్టిస్తాం కదా. మన పాస్టరు జ్ఞానశేఖర్ అయ్యగారు తాళం చేతిలోకి తీసుకుని, బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆ తర్వాత అయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ప్రయాణం ఇంటికి, ఇంటి దగ్గర అందరికీ భోజనాలు. ఇది ఎప్పుడూ జరిగేదే. నేను కారులోకి జరిగి కూర్చోగానే, ప్రిసిల్లా ఆంటీ నా చక్రాల కుర్చీని పక్కకు తోసేసింది. "సంతోషంగా ఫోటో తీసుకుంటుంటే మధ్యలో అదెందుకులే నాయనా" అని ప్రేమగానే అంది. ఆవిడ చెప్పగానే ఎవరో దాన్ని తీసుకెళ్ళి గుడి వెనక వెస్ట్రీ గదిలో పెట్టి తాళం వేశారు. అందరం పాట పాడాం. అయ్యగారు ఎక్కారు. నేను ఊరేగింపులా కారు నడుపుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇంటి ముందు ఆగాక తెలిసింది. కుర్చీ లేదు. వెస్ట్రీ తాళం ఉన్న పెద్దాయన ఇంకో ప్రార్థన కూడికకి బొల్లారం వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. "ఆశీష్, దిగు నాయనా, ఇల్లు వచ్చింది కదా" అన్నారు అయ్యగారు. ఆయన అన్నది ఆయనకే అర్థమై నాలుక కరుచుకున్నారు. నలుగురు మగాళ్ళు వచ్చి ఎత్తుకుంటామన్నారు. వద్దన్నాను. దాంతో నాకు పలావు ప్లేటు కారులోకే వచ్చింది. అందరూ ప్లేట్లు పట్టుకుని కారు చుట్టూ నిలబడ్డారు, నేను మధ్యలో జూలో జంతువులా కూర్చుని తిన్నాను. పొద్దుటే రెండు గ్లాసుల మజ్జిగ తాగి ఉన్నాను. మిగతాది నీకు చెప్పక్కర్లేదు. కుర్చీ వచ్చేసరికి నా చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుపోయింది.

ఆ రోజు నుంచి కుర్చీ లేకుండా కారు కదిలించలేదు. చక్రాలు ఊడదీసి వెనక డిక్కీలో పెట్టొచ్చు, కప్పు మడిస్తే అందులో అంతకు మించి పట్టదు. చక్రాలు పోగా మిగిలిన చట్రాన్ని నా గుండెల మీదుగా ఎత్తి పక్క సీట్లో పెట్టుకుంటాను. భుజం నొప్పి అందుకే. ఇక ఆ సీటు కుర్చీదే. బెల్టు కూడా పెడతాను.

మరి బ్యూలా? అదే కదా నువ్వు అడిగింది. మేమిద్దరం బయటికి వెళ్తే నేను కారులో వెళ్తాను, బ్యూలా వెనకాల స్కూటీ మీద వస్తుంది. నేను అద్దంలో చూసుకుంటూ ఉంటాను, చున్నీ ఎగురుతూ ఉంటుంది. కారు కొన్న మొదటి వారంలోనే ఆమె ఒక ఉపాయం చెప్పింది. "పరేషాన్ ఎందుకండీ? నేను సీట్ల కూసుంట, ఆ చట్రం నా ఒళ్ళ పెట్టుకుంట. అయిపాయె" అంది. నేను కసురుకున్నాను. ఎందుకు కసిరానో ఆమెకి చెప్పలేదు. నీకు చెప్పాలనే ఈ ఉత్తరం, కానీ ముందు ఒక శనివారం సంగతి చెప్పనీ.

పోయిన శనివారం కాక అంతకు ముందు శనివారం బ్యూలా మళ్ళీ అడిగింది. ఏ.ఎస్. రావు నగర్‌లో జాకెట్టు గుడ్డ తీసుకోవాలి, కుర్చీ ఇంట్లో పెట్టేద్దాం, మీరు దిగే పనే లేదు, ఒక్కసారి మీ పక్కన కూర్చుంటాను అంది. ఎలా కాదనను? పోర్టికోలో కుర్చీని వదిలేసి బయల్దేరాం. ఆ చిన్న దూరమంతా ఆమె చెయ్యి కిటికీ మీద పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది. నేను మాత్రం టైరు పేలితే, ఇంజన్ ఆగితే, వెనకనుంచి ఎవడైనా గుద్దితే అని ఒకటే లెక్కలు.

షాపు ముందు ఆపాను. ఆమె లోపలికి వెళ్ళింది. అంతలో ముందూ వెనకా ఆటోలు వచ్చి నిలబడ్డాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన వచ్చి కారు తలుపు మీద తట్టాడు.

"ఓ సార్, గీడ బండి పెట్టొద్దని బోర్డు కనిపిస్తలేదా? కాయితాలు పట్కొని కిందికి దిగు."

"ఇక్కడినుంచే చూపిస్తానండీ" అన్నాను.

"ఏందీ? గిసొంటి కారుంటే కాలు కింద పెట్టవా? నేనే నీ తాన వంగి సలాం కొట్టాల్నా? దిగు!"

చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. ఒకడెవడో "డబ్బు మదం భాయ్" అన్నాడు. అమ్మా, ఆ మాట వినగానే నాకు ఏమైందో తెలుసా? భయం పోయింది. సంతోషం వేసింది. పుట్టి ఇన్నేళ్ళకి ఒక మనిషి నన్ను చూసి అయ్యో పాపం అనలేదు. కళ్ళు దించుకోలేదు. ఎవడో పొగరుబోతు అనుకుని నిలదీసి తిట్టాడు. అందరినీ తిట్టినట్టే తిట్టాడు. నడవలేనండీ అని ఒక్క మాట చెప్తే అయిపోయేది. నేను తల ఎగరేసి "దిగను" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. ఇంకా తిట్టాలని నాకు కోరికగా ఉంది.

అప్పుడు బ్యూలా సంచీ పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, సార్, ఆయన నడవలేరు. చిన్నప్పుడు పోలియో వచ్చింది" అంది.

కానిస్టేబుల్ మొహం ఒక్కసారిగా మెత్తబడిపోయింది. "అయ్యో! జెర ముందే చెప్పొద్దా సార్" అంటూ ఆటోలను తోలేసి, రోడ్డు మీద బండ్లన్నీ ఆపి, నాకు దారి ఇచ్చాడు. డబ్బు మదం అన్నవాడు కూడా తల పక్కకి తిప్పుకున్నాడు. మళ్ళీ అదే పాపం, అదే చూపు.

మలుపు తిరిగాక బ్యూలా మీద అరిచాను. "నిన్నెవరు చెప్పమన్నారు?" అని గొంతు చించుకున్నాను. పెళ్ళయ్యాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆమె ఇంటి ముందు ఆగాక అంది, "నేను మిమ్మల్ని కుర్చీతోనే కదండీ చేస్కున్న. కుర్చీ లేని మనిషి లెక్క కనపడనీకెనా ఈ కారు కొన్నరు?" కారు దిగి, పోర్టికోలోంచి కుర్చీ తెచ్చి, చక్రాలకి బ్రేకులు వేసి నా పక్కన పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె కారు వైపు చూడలేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆమె పాట ఎత్తుకుంటుంది, నేను వాక్యం చదువుతాను, ఆమేన్ అంటాం, ఒకరి మొహం ఒకరం చూసుకోం. నాకు దడ మొదలైంది. చిన్నప్పటినుంచీ కలగన్న కారు ఆమె అన్న కారణానికేనా నేను కొన్నది? అదే నిజమైతే ఇంతకాలం ఆ బొమ్మని బైబిల్లో పెట్టి నువ్వు చేసిన ప్రార్థన దేనికోసం? ఆమె ఇక నా పక్కన ఎప్పటికీ కూర్చోకపోతే? కారు మీద గుడ్డ కప్పేశాను. ఆఫీసుకి మళ్ళీ పాత మూడు చక్రాల బండి మీదే వెళ్తున్నాను.

ఇప్పుడు నేను ఆమెని ఎందుకు కసిరానో చెప్తాను. నీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, బొల్లారం నుంచి మనం ఎక్కే బస్సులో కండక్టర్ ఏమనేవాడో గుర్తుందా? "అమ్మా, పిలగాన్ని ఒళ్ళ కూసోపెట్టుకో, సీటు ఖాళీ చెయ్యి" అనేవాడు. నువ్వు వాదించలేక నన్ను ఒళ్ళోకి లాక్కునేదానివి. నా క్లాసు ఆడపిల్లలు అదే బస్సులో ఉండేవారు. నా కాళ్ళు నీ మోకాళ్ళ మీదనుంచి వేలాడుతుండేవి. నువ్వు వాటిని కొంగుతో కప్పేదానివి. నేను కళ్ళు గట్టిగా మూసుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఎవరి ఒళ్ళోనూ ఉండనని అప్పుడే అనుకున్నాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్తే నొచ్చుకుంటావని. బ్యూలా "ఒళ్ళ పెట్టుకుంట" అన్నప్పుడు ఆ బస్సే గుర్తొచ్చింది. ఆమె ఒళ్ళో చట్రం కాదు, వేలాడే కాళ్ళతో నేనే ఉన్నట్టు అనిపించింది.

నిన్న ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆ బస్సు సంగతంతా బ్యూలాకి చెప్పాను. కసిరినందుకు, అరిచినందుకు క్షమించమన్నాను. ఆమె వెళ్ళి కారు మీద గుడ్డ లాగేసింది. నేను ఎక్కాక చక్రాలు తనే ఊడదీసి డిక్కీలో పడేసింది. పక్క సీట్లో కూర్చుని, చట్రాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "ఏడికి?" అంది.

కప్పు తెరిచే బొల్లారం దాకా వెళ్ళాం. పాదాలు పెట్టుకునే కడ్డీ కిటికీలోంచి బయటికి పొడుచుకు వచ్చింది. సిగ్నల్ దగ్గర అందరూ చూశారు. నాకు దారంతా దడదడే, దాచుకునేందుకు ఏమీ మిగల్లేదు. బ్యూలా మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని, బ్రేకు వేసినప్పుడల్లా గుండెలకి ఆనించుకుంది. గుడికి కట్టుకున్న తెల్ల చీర మీద నల్లటి గ్రీజు మరక పడింది. ఇంటికొచ్చాక ఉతకబోతే పోలేదు. "పోతే పోనీ, లేకుంటే ఉండనీ" అంది. నాతో నవ్వి మాట్లాడి వారం దాటిందమ్మా, నాకు ఏడుపొచ్చింది.

ఇక గురువారం సంగతి. కారులోనే వస్తాను. కుర్చీలో ప్లాట్‌ఫారం మీదికే వస్తాను, నువ్వు పెట్టె దింపేసరికి ఎదురుగా ఉంటాను. పెట్టెలు బ్యూలా ఆటోలో తెస్తుంది. కానీ కారులో నీ పక్కన కుర్చీకి చోటు లేదు. నీ ఒళ్ళోనే పెట్టాలి. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు. స్టేషన్ ముందు ఆ రద్దీలో నేను చక్రాలు ఊడదీస్తుంటే వెనక హారన్లు మోగుతాయి, జనం పోగవుతారు, ఇప్పటినుంచే నాకు అరచేతుల్లో చెమటలు పడుతున్నాయి. నీకు కష్టమనిపిస్తే మొహమాటపడకు, ఆటో ఎక్కు, నేను ఏమీ అనుకోను.

నిన్న రాత్రి బ్యూలా ఆ చట్రాన్ని చేత్తో ఎత్తి చూపించింది. ఏడో తరగతిలో నేనున్నంత బరువు ఉండదమ్మా.

ఇట్లు,
నువ్వు మోసిన నీ కొడుకు
ఆశీష్