లాండో వేసిన ఆకాశం

సియెనా,
1461 అక్టోబరు, ద్రాక్షకోత ముగిసిన వారం.

తమ్ముడు నాద్దోకి,

అక్క లాపా దీవించి రాస్తున్న ఉత్తరం. మరియమ్మ తల్లి చల్లని చూపు వల్ల ఫ్లోరెన్సులో నువ్వూ, మరదలూ, పసివాడూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి లేదురా. నాన్న పోయాడు. మన చిత్రకారుల పునీతుడు లూకా పండుగకి ముందురోజు మధ్యాహ్నం కాస్త గంజి తాగి, పనిగదిలో బల్ల మీద ఒరిగాడు. పిలిస్తే పలకలేదు. అంతకుముందు కొన్నాళ్ళుగా జ్వరం ఉంది గానీ, తగ్గుముఖం పట్టిందనే అనుకున్నాం. నీకు కబురు పెట్టే వ్యవధి లేకపోయింది. పెట్టి ఉంటే వచ్చేవాడివని నాకు తెలుసు.

ఈపాటికి నీ చెవిన ఇంకో మాట కూడా పడి ఉంటుంది. నాన్న గురించే, ముసలి లాండో తన పటంలోని బంగారం మీద తనే నీలం పూసుకున్నాడని. మన సియెనావాళ్ళ ఓటమి ఏదైనా ఫ్లోరెన్సుకి గుర్రమెక్కి పోతుంది కదా. ఆ మాట నిజమే. అదెలా జరిగిందో పరాయివాళ్ళ నోట వినడం కంటే నేను చెబితే వినడం మేలు.

మొన్న ఈస్టరుకి ముందు, ఉపవాసాల రోజుల్లో ఫ్రా తెబాల్దో మన ఇంటికొచ్చాడు. మఠానికి కొత్తగా వచ్చిన పెద్ద, నువ్వెరగవు. మెత్తగా మాట్లాడే మనిషి. బలిపీఠం మీది మరియమ్మ పటం గురించి కదిపాడు. నువ్వు పుట్టిన ఏడు నాన్న వేసింది. లాండో గారూ, మీ పనికి వంక పెట్టేవాణ్ణి కాదు, కానీ జనం కింది వీధి చర్చికి పోతున్నారు, అక్కడి పటంలో కొండలున్నాయి, చెట్లున్నాయి, మబ్బులున్నాయి, మన దాంట్లో ఎటు చూసినా బంగారు రేకే, అన్నాడు. ఎవరైనా కొత్తరకం పనివాడి చేత ఆ బంగారం మీద ఆకాశం వేయించాలనుకుంటున్నాం, మీకొక మాట చెప్పడం మర్యాద కదా అని వచ్చాను, అన్నాడు.

ఆనాడు నీ మీదికి విసిరినట్టు పీట విసురుతాడేమోనని భయపడ్డాను.  నాన్న మాత్రం, వేరేవాడెందుకు, నేనే వేస్తాను, అన్నాడు.

నువ్వు ఇల్లు వదిలిన నాటి మీ ఇద్దరి గొడవ నా కళ్ళముందుకొచ్చింది. నీ పునీతులు నేల మీద నిలబడరు నాన్నా, చిలక్కొయ్యకి తగిలించినట్టుంటారు, అన్నావు నువ్వు. నేలకి కాళ్ళు ఆనాల్సింది కసాయివాడికిరా, పునీతుడికి కాదు, అన్నాడు ఆయన. ఆ రెండు మాటలకి పదేళ్ళు పోయాయి.

మర్నాడు అటక మీంచి నీ బొమ్మల కట్ట దింపాడు. పొయ్యిలో పెట్టేశానని నీకు చెప్పించాడే, అవే. దుమ్ము దులిపి కిటికీ దగ్గర పరుచుకున్నాడు. గళ్ళు గళ్ళుగా నేల గీసిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వీడీ గీతలన్నీ ఒకే చోటికి ఎందుకు లాగాడే, నీ ఎదురుగానే కదా గీసేవాడు, అని నన్నడిగాడు. దూరం పోయేకొద్దీ అన్నీ చిన్నవవుతాయి, ఆ చోటు చూసేవాడి కంటికి ఎదురుగా ఉంటుంది, అని నీ దగ్గర విన్నదే అప్పజెప్పాను. మరి చూసేవాడు పక్కకి జరిగితేనో, అన్నాడు. నాకేం తెలుసు, అన్నాను. నాద్దోని అడగాలి, అన్నాడు. పదేళ్ళలో ఆయన నోట నీ పేరు వినడం అదే మొదలు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. బొగ్గుపుల్ల చెక్కుకోవడంలో పడిపోయాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని కంచరగాడిదలు నీళ్ళు తాగే తొట్టి దగ్గరికి నడిచాడు. పూర్వం రోమువాళ్ళు శవాన్ని పెట్టిన పాలరాతి పెట్టె అది. చిన్నప్పుడు నువ్వు దాని పక్కన చతికిలబడి గీస్తుంటే, దయ్యాల బొమ్మలని నిన్ను చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు. ఆ రోజు తనే మోకాళ్ళ మీద కూర్చుని నాచు గోకాడు. ఒంటికాలి మీద బరువు మోపి నిలబడ్డట్టు దాని మీద చెక్కిన ఆడమనిషి ఉంది చూడు, ఆమె తుంటి మీద అరచెయ్యి ఆనించి, ఈ పిల్ల నిలబడిందే, అన్నాడు. గాడిదలవాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. వీళ్ళకి తెలిసిన విద్యని మన తాతలు ఎలా మర్చిపోయారంటావు, అని తనే అడిగి, తోవంతా ఆలోచించి, ఇంటి గుమ్మం దగ్గర తనే జవాబు చెప్పాడు. మర్చిపోలేదే లాపా, వాళ్ళ చూపు వేరే దాని మీద ఉంది, అంతే.

వేసవంతా చర్చిలోనే పని. నేను రంగులు నూరాను, ఆయన చెయ్యి అలిసినప్పుడు మోచెయ్యి పట్టాను. బంగారం ఉన్నచోట ఆకాశం వచ్చింది, దాని కింద మన ఊరి బయటి మట్టికొండలు వచ్చాయి. పునీతుల పాదాల కింద ఉత్త పచ్చ పట్టీ ఉండేది కదా, అక్కడ నీ కాగితంలోలాగే ఎరుపూ తెలుపూ గళ్ళ నేల వచ్చింది. చూడ్డానికొచ్చిన రొట్టెలమ్మే ఆవిడ, ఇన్నేళ్ళకి తల్లికి కిటికీ తెరిచావు లాండో, ఆమెకి జలుబు చేయకుండా చూడు, అంది. నాన్న కూడా నవ్వాడు. తెబాల్దో మాత్రం సంబరంగా, చూశారా, చివరికి లాండో కూడా కాలానికి తలవంచాడు, అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నాన్న ఎదురుగానే చెప్పాడు.

పని ముగిసిన సాయంత్రం నాన్న వెనక్కి జరిగి, పక్కకి జరిగి, మళ్ళీ మధ్యకొచ్చి చూసుకున్నాడు. నాద్దో దీన్ని చూస్తే బాగుండు, అన్నాడు. ఉత్తరం రాయనా, అన్నాను. ముందు కుంచెలు కడగనీ, అన్నాడు. కడిగాక ద్రాక్షకోత కానీ అన్నాడు. కోత కాకముందే జ్వరం వచ్చింది. ఆ చర్చి చెమ్మే ఆయన్ని తినేసింది.

నాన్న పాడెని చిత్రకారుల సంఘం వాళ్ళే మోశారు. నువ్వు పట్టాల్సిన చోట పక్కింటి వడ్రంగి పట్టాడు. నన్ను తొలిచేది ఒకటేరా. మీరిద్దరూ అదే రాతితొట్టి ముందు మోకరిల్లారు, కలిసి మాత్రం కాదు. ఆయనకి అడగాలనిపించింది, చెప్పగలిగిన నువ్వు మూడు రోజుల ప్రయాణం అవతల ఉన్నావు.

దారులు బురద కాకముందే వీలైతే రా. నీ బొమ్మల కట్ట ఇంకా కిటికీ దగ్గరే ఉంది, నేను తీయలేదు.

ఎప్పటికీ నీ మేలు కోరే అక్క,
లాపా

తా.క. మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పాను. ఎవరికీ చెప్పొద్దని నాన్న నా దగ్గర మాట తీసుకున్న సంగతి ఒకటుంది. ఆ ‘ఎవరికీ’లో నువ్వు లేవనే నా నమ్మకం. రంగులు కలిపింది నేనే కాబట్టి నాకు తెలుసు. బంగారం మీద ముందు వార్నిష్ పూత వేశాడు. దాని మీద ఆకాశం, కొండలు అన్నీ ఉత్త తోలుజిగురులో కలిపిన రంగులే. తడి స్పాంజి పెడితే చాలు, ఊడి వచ్చేస్తాయి. కింద బంగారం చెక్కుచెదరలేదు. తెబాల్దో ముచ్చట తీరనీ, తర్వాత ఎప్పుడో కావాలనుకున్నవాళ్ళు తుడుచుకుంటారు, అన్నాడు. అందుకే ఇకమీదట పండగలకి ఆ పటం దుమ్ము నేనే దులుపుతానని మఠంలో చెప్పి వచ్చాను, పొడిగుడ్డతో.

నేలకి మాత్రం జిగురు కలపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. దానికి బదులు గుడ్డుసొన తెమ్మన్నాడు. ఆ గళ్ళు ఎవరెంత తుడిచినా పోవు.