మూడో అధ్యాయంలోని భార్య

ప్రియమైన శ్రీమతి గారికి,

నువ్వు ఉద్యోగం చేస్తున్న దేశపు నిపుణుల వలస విధానాన్ని వాక్యం వాక్యంగా విప్పి, మాటల చాటున ఉన్న అధికారాన్ని పట్టుకోవడమే నా పరిశోధన. ఆ పత్రం నిన్ను "కొరత తీర్చు వనరు" అంది. ఇసుకను కూడా ఇంతకన్నా మర్యాదగా పిలుస్తారు. నన్నేమో "ఆధారితుడు" అంది. నీ దగ్గరికి రావడానికి పెట్టాల్సిన ఆధారితుల వీసా దరఖాస్తుపై సంతకం చేస్తే నా సిద్ధాంతమే నన్ను చూసి నవ్వుతుంది. కావున నా రాక, అధ్యయనం ముగిసేవరకు వాయిదా వేయడమైనది.

"పెళ్లాం దగ్గరికి వెళ్లమంటే పుస్తకం రాసేవాణ్ణి నిన్నే చూశానురా" అంటోంది అమ్మ. ఆవిడకు పరిశోధనా పద్ధతులు తెలియవు.

అక్కడ నీకెలా ఉందో వివరంగా రాయి.

వాయిదాలో ఉన్న,
నీ భర్త

ప్రియమైన పండితుల వారికి,

ఆసుపత్రి నేలమాళిగలో ఎక్స్‌రేలు తీస్తున్నాను. "ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, వదలండి." రోజంతా మనుషులతో నా సంభాషణ ఇంతే. అందరూ బుద్ధిగా వింటారు; బదులు చెప్పేందుకు వాళ్లకు ఊపిరి ఉండదు. గదికొచ్చాక గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి కుళాయితో మాట్లాడుతున్నాను. మొన్న మెట్ల మీద జారి ఎడమ మణికట్టు విరిగింది. ఎవరికి చెప్పాలో తోచలేదు.

ఆధారితుల దరఖాస్తుకు ఈ నెలాఖరే గడువు. దాటితే రెండేళ్లు తీసుకోరట. ఏమండీ, ఆ మాట ఎలాంటిదైనా, మీరు రండి.

ఎదురుచూస్తూ,
మీ ఆవిడ

ప్రియమైన శ్రీమతి గారికి,

శుభవార్త. నీ ఉత్తరం నా పరిశోధనకు అమూల్యమైన దత్తాంశం. కుళాయి వాక్యం దగ్గర మా ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎవరయ్యా ఈవిడ, బంగారు గని" అన్నారు. నియమాల ప్రకారం గోప్యత పాటించి నిన్ను "పాల్గొన్న మహిళ" అని పేర్కొన్నాను. ఒంటరితనంపై మూడో అధ్యాయమంతా నువ్వే. ప్రతి జతపరిచాను.

గడువు దాటింది గానీ చింతించకు. గడువు అన్న భావననే ఐదో అధ్యాయంలో ఖండిస్తున్నాను. ఒక విన్నపం: అక్కడ స్నేహితులెవరైనా దొరికితే, గ్రంథం సమర్పించేవరకు కాస్త ఆగు. ముగింపు దెబ్బతింటుంది.

కాబోయే డాక్టరు,
నీ వాడే

ప్రియమైన పరిశోధకులకు,

అధ్యాయం చదివాను. విరిగిన మణికట్టు పుట అడుగున చిన్న అక్షరాల్లో కనిపించింది.

మీ విశ్వవిద్యాలయ నిబంధనలూ చదివాను. పాల్గొన్నవారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చట. ఏ కార్యాలయమైనా నాతో ఇంత మర్యాదగా మాట్లాడటం ఇదే మొదలు. కావున తప్పుకున్నాను. మీ ప్రొఫెసరుగారికి తెలియజేశాను.

అత్తయ్య ఫోను చేశారు. భర్త తల్లి కూడా ఆధారితురాలేనట, దానికి గడువు లేదట. ఆ సంగతి ఆవిడే కనుక్కున్నారు. "ఆ మాట అవమానమని మీ అబ్బాయి అంటారు కదా" అన్నాను. "నా మొహం. ఒకరి మీద ఆధారపడటానికి నాకు నామోషీ ఏమిటే?" అన్నారు. సంతకం చేసేశారు. వచ్చే నెల ప్రయాణం.

ఇంటి తాళాలు మీ బల్ల మీద పెట్టి వస్తారు. మూడో అధ్యాయానికి మీకిక సొంత దత్తాంశం లభించగలదు.

పాల్గొనడం మానిన,
మీ భార్య