ఛాంబర్ బోల్టు ఊడింది, బావా

బావా,

ఎట్లున్నావని అడిగే వీలు లేదు. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఈ ఉత్తరం ఇప్పుడు రాయవలసి రావడానికి కారణం ఒకటే. నీ లారీ ఇంజను కింద, ఆయిల్ దింపే ఛాంబర్ బోల్టు గురించి ఇన్నాళ్లూ అందరికీ నేనొక మాట చెబుతూ వచ్చాను. నిన్న ఆ బోల్టు ఊడింది. ఊడాక చూస్తే, నేను చెప్పింది తప్పని తేలింది.

ఆ మాట నువ్వు వినలేదు. నీ దినాల నాడు మొదలుపెట్టాను. నేను వద్దన్నా వినకుండా, బలం కోసం పానాకు పైపు తొడిగి బిగించావని, అందుకే బోల్టు తల మూలలన్నీ పోయి గుండయిందని. అక్కతో చెప్పాను. మీ తమ్ముడితో చెప్పాను. జనగామ ఐటీఐలో నా క్లాసు పిల్లలకు, నీ పేరు లేకుండా, ఉదాహరణగా కూడా చెప్పాను. నీ మొండితనం ఎరిగినవాళ్లు గనుక ఇంట్లో అందరూ నమ్మారు. కొందరు నవ్వుకున్నారు. అక్క నవ్వలేదు.

గత వారం అక్క ఫోన్ చేసింది. భూపాలపల్లిలో ఇంటి పక్క జాగాలో లారీ ఊరికే నిలబడి ఉండటం ఇక చూడలేనంది. మీ తమ్ముడు నడుపుతాడట. ముందు ఆయిల్ మార్చిపెట్టమంది. శనివారం జనగామలో బస్సెక్కి, హనుమకొండలో మారి, మధ్యాహ్నానికి చేరాను.

లారీ కింద పడుకుని చూశాను. బొగ్గు దుమ్ము, వానల బురద, కారిన ఆయిలు కలిసి బోల్టు చుట్టూ రాయిలా గట్టిపడ్డాయి. ఆరు మూలల్లో ఒక్కటే మిగిలింది, అదీ పానాకు దొరకదు. నువ్వుంటే ఏమనేవాడివో నాకు తెలుసు. "ఏం సారూ, గిది నీ పుస్తకంల ఏ పేజీల ఉన్నదో జర తీసి చూడు."

పేజీ ఉంది బావా. కానీ పుస్తకంలోని బోల్టుకు తుప్పు ఉండదు.

బోల్టు జోలికి పోకుండా, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో ఆయిల్ లాగేద్దామని మీ తమ్ముడు అన్నాడు. అదీ ఒక పద్ధతే. కానీ అడుగున పేరుకున్న మడ్డి అలాగే ఉండిపోతుంది. కారడం కూడా ఆగదు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం వచ్చేది కాదేమో...

ముందు తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి, మర్నాటి దాకా వదిలేశాను. పొద్దున చిన్న సుత్తితో బోల్టు తల మీద తేలికగా, చాలాసార్లు తట్టాను. పెద్ద దెబ్బ వేస్తే తుప్పు వదలకపోగా ఆయిల్ నిలిచే ఛాంబరు సొట్టపోతుంది. ఒక సైజు చిన్న సాకెట్‌ను తల మీద దిగగొట్టి తిప్పాను. జారింది. ఆకురాయితో రెండు వైపులా చదును చేసి పైపు పానాతో పట్టాను. మళ్లీ జారింది.

ఇక వెల్డింగ్ చేసే మొగిలన్నను పిలిచాం. బ్యాటరీ తీగలు విప్పి, చుట్టూ తడి గోనెసంచులు పరిచి, ఇసుక బకెట్ పక్కన పెట్టుకున్నాం. అతను ఒక పెద్ద నట్టును బోల్టు తల మీద ఆనించి, నట్టు నడిమి రంధ్రంలోంచి వెల్డింగ్ పోసి రెండింటినీ ఒకటి చేశాడు. చాలామంది తొందరపడేది ఇక్కడే. వేడి మీద తిప్పితే అతుకు తెగుతుంది. చేయి ఆనించగలిగేంత చల్లారేదాకా ఆగాం. నట్టుకు సరిపోయే పానా వేసి లాగాను. కిర్రుమంది. పావు చుట్టు వదిలి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ వదిలి... అట్లా వచ్చింది.

ఆయిల్ తారులా ఉంది. కానీ వేళ్ల మధ్య రుద్దితే ఇనుప రజను తగల్లేదు. నీళ్లు కలవలేదు. నీ ఇంజను బాగుంది బావా. ఆ మాట వినగానే మీ తమ్ముడు మొగిలన్నను కావలించుకున్నాడు.

నేను బోల్టును డీజిల్‌లో కడిగాను. నా అలవాటు నీకు తెలుసు. "తానం చేపిచ్చి బొట్టు పెడుతవు రా బోల్టుకు, గింత సేవ మీ అక్కకన్న చేసినవా?" అనేవాడివి. ఆమె నాకు అక్క, నీకు పెళ్లాం అని గుర్తు చేస్తే, "గందుకే, నేను చేయలేకనే నిన్ను అడుగుతున్న" అనేవాడివి.

కడిగితే బోల్టు ఒంటి చుట్టూ మరలు కనిపించాయి. పైపు తొడిగి బలంగా లాగిన బోల్టుకు మరలు సాగుతాయి, ఒక పక్కకు ఒరుగుతాయి. నీ బోల్టు మరలు నిటారుగా ఉన్నాయి. ఛాంబరు లోపలి మరలు కూడా అంతే. నువ్వు పైపు తొడగలేదు. నేను చెప్పినట్టే చేతి బలంతోనే బిగించావు. అరిగిన పానా జారి మూలలు పోయాయి.

తల కింద, ఆయిల్ కారకుండా వేసే రాగి వాషరు ఉండవలసిన దానికన్నా మందంగా కనిపించింది. బ్లేడు మొనతో కదిపితే రెండుగా విడింది. ఒకటి పాతది. ఒకటి కొత్తది.

దసరా ముందు, లింగాల ఘనపూర్‌లో మా ఇంటి ముందర, ఆయిల్ మార్చింది నేను. నువ్వు మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ, "తొందరేం లేదు సారూ, వచ్చే దసరకన్న అయితదా?" అని వెక్కిరించావు. కొత్త వాషరు వేసింది నేనే. పాతది ఛాంబరుకు అంటుకుని ఉండిపోయింది. నల్లటి ఆయిల్‌లో అది కంటికి ఆనదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది. పాతది చేతికి వచ్చేదాకా కొత్తది వేయవద్దని ఏటేటా పిల్లలకు చెప్పే పాఠమే. ఆ రోజు నేను తడమలేదు. అట్లా ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది.

మహబూబాబాద్‌లో లోడు దింపుతూ నువ్వు ఫోన్ చేసిన ఉదయం గుర్తుందా? "సారూ, నువ్వు బిగిచ్చిన బోల్టు ఏడుస్తున్నది. ఏమన్న తిట్టినవా దాన్ని?" కొంచెం బిగించమన్నాను. పైపు తొడగవద్దన్నాను. ఆదివారం వచ్చి చూస్తానన్నాను.

ఈ ఉదయం రెండు వాషర్లూ అక్క చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు వాటిని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. "అంటే ఆయిన నీ మాట విన్నడన్నట్టే కదరా," అంది. "ఇరవై ఏండ్ల సంది నా మాట ఒక్కపారి వినలే. నీ మాట విన్నడు సూడు!" అంటూ నవ్వింది. కళ్లు తుడుచుకుని, "మా మరిదికి చెప్పు. నీ పిల్లలకు గూడ చెప్పు," అంది. మరిదికి చెప్పాను. రేపు క్లాసులో చెబుతాను.

అక్కకు చెప్పనిది ఒకటి మిగిలింది.

మహబూబాబాద్ నుంచి ఆ రోజు మధ్యాహ్నం నువ్వు మళ్లీ ఫోన్ చేశావు. "బోల్టు గుండయింది బామ్మర్దీ, నా నెత్తి లెక్కనే. ఇగ మేమిద్దరం అన్నదమ్ములం." ఆ నవ్వులోనే, "ఛాతిల జర మంటగున్నది, పొద్దుగాల మిర్చీలు ఎక్కువ తిన్న" అన్నావు. నేను ఒకటే అడిగాను. బోల్టుకు ఎన్ని మూలలు మిగిలాయని. "రెండున్నయేమో" అన్నావు. సరిగ్గా చూసి చెప్పమన్నాను. "మల్ల కింద పండుకోవాల్నా?" అన్నావు... పడుకున్నావు. ఊపిరి బరువుగా వినిపించింది. "ఒక్కటే ఉన్నది" అన్నావు.

సాయంత్రం నిన్ను దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి నుంచి నువ్వు తిరిగి రాలేదు. మంట ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగినప్పుడు అక్క పక్కన నేనూ ఉన్నాను. అక్క తెలియదంది. మధ్యాహ్నం ఫోను సంగతి నేను చెప్పలేదు. ఫోన్‌లో నిన్ను అడిగి ఉంటే తెలిసేది, అడగలేదు.

కొత్త బోల్టు వేశాను, ఛాంబరును వేలితో తడిమి చూసి కొత్త వాషరు ఒక్కటే వేశాను. ఇంజను గంటసేపు నడిపి కింద అట్టముక్క పరిచి చూశాను, చుక్క పడలేదు. ఆ రెండో ఫోను సంగతి కూడా అక్కకు చెబుతాను బావా. అందుకు ఇంకొంత సమయం పడుతుంది. చెబితే ఆమె అడిగేది ఒకటే. ఆ మంట నువ్వు బోల్టు బిగించకముందే ఉందా, బిగిస్తుండగా మొదలైందా, నేను నిన్ను రెండోసారి లారీ కిందికి పంపినందుకు ముదిరిందా అన్నది నాకు తెలియదు.