ఇంట్లో లేని మనిషి

ఫిబ్రవరి 6, ఉదయం

డ్యూటీ దిగి వస్తుంటే వీధి మలుపులో గోడకి ఓటర్ల లిస్టు అంటించి ఉంది. ఊరికే ఆగి చూశాను. మా ఆయన పేరుంది. అత్తయ్య పేరుంది. పైవాటాలో ఓనరు, ఆయన భార్య, పోయినేడు చనిపోయిన వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు. నేను లేను. వేలు పెట్టి మళ్ళీ చదివాను. లేను.

పోయినాయనకి ఓటుంది. రాత్రంతా పేషెంట్లకి సెలైన్లు మార్చి వచ్చినదానికి లేదు.

ఫిబ్రవరి 6, సాయంత్రం

మా ఆయన ప్రింటింగ్ మిస్టేక్ అయ్యుంటుందిలే అన్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు. బ్రేకు ఫెయిలైందని వచ్చినా ముందు టీ తాగి రమ్మంటాడనుకుంటా.

నా అనుమానం ఓనరు మీదే. ఈసారి మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డుకి నిలబడ్డది ఆయన బామ్మర్ది. ఎదురు నిలబడ్డది మా పెద్ద సిస్టర్. రిటైరయ్యేదాకా హాస్పిటల్లో మా వార్డు హెడ్ నర్సు. చెయ్యి పట్టుకుని నాతో మొదటి ఇంజెక్షన్ చేయించింది ఆవిడే. గెలిస్తే ముందు హాస్పిటల్ గేటు నుంచి బస్‌స్టాప్ దాకా లైట్లు వేయిస్తానంది. ఆ చీకట్లోనే మా జూనియర్ చెయ్యి పట్టుకుని లాగాడు ఎవడో. రోజూ నేను నడిచే రోడ్డు అది. ఈ ఒక్క ఓటు నాకు కావాలి.

నా ఓటు పెద్ద సిస్టర్‌కేనని ఓనరుకి తెలుసు. మెట్ల మీద నేనే చెప్పాను. నోటిదురద.

ఫిబ్రవరి 8

నిద్ర మానుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. లిస్టు సరిచూసే మనిషి ఇంటికి రెండుసార్లు వచ్చాడట. రెండుసార్లూ నేను లేనట. ఇల్లు మారిపోయిందని ఇంట్లోవాళ్ళే చెప్పారట. అలా అయితే పేరు తీసేయడం రూలట. చెప్పిందెవరని అడిగితే, అది రాసుకోం అంది క్లర్కమ్మ.

మళ్ళీ అప్లై చేశాను. మళ్ళీ మనిషి వచ్చి చూస్తాడట. పగలే వస్తాడు, ఏ రోజో చెప్పరు. ఇరవయ్యో తారీఖు లోపల చూసి వెళ్తేనే ఈ ఎన్నికలకి ఓటు. నైట్ డ్యూటీ వాళ్ళం పగలు పడుకుంటాం కదండీ అన్నాను. తలుపు తీయడానికి ఎంతసేపమ్మా అంది.

ఇంట్లోవాళ్ళే! మాకూ ఓనరుకీ గేటు ఒక్కటే. పొద్దున్నే పేపరు పట్టుకుని గేటు దగ్గరే కూర్చుంటాడు. ఆయనే. ఇంకెవరు?

ఫిబ్రవరి 9

ఓనరు నన్ను చూసి నవ్వాడు. ఎప్పుడూ నవ్వడు.

ఫిబ్రవరి 11

ఉండబట్టలేక ఓనరుని నిలదీశాను. ఒంటికాలి మీద లేచాడు. వాళ్ళ నాన్న పేరు తీయించడానికే కాళ్ళరిగేలా తిరుగుతున్నాడట. పేర్లు తీయించేంత పలుకుబడి ఉంటే ముందు అది తీయించుకునేవాణ్ణి కదమ్మా అన్నాడు. నమ్మాలనిపించింది. నమ్మలేదు.

మా ఆయన తలకొట్టేసినట్టయిందన్నాడు. అద్దె పెంచితే నువ్వే కట్టుకో అన్నాడు.

అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. గరిటె కిందపడినా గంటసేపు మాట్లాడే మనిషి.

ఫిబ్రవరి 12

నిద్ర పట్టక ఒకటి గుర్తొచ్చింది. అత్తయ్య కంటి ఆపరేషన్‌కి కారు పంపింది ఓనరు బామ్మర్దే. పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ తిరుగుతాడు. తన ఓటు వాడికేనని అత్తయ్య అందరికీ చెప్తుంది.

పగలు ఇంట్లో ఉండేది అత్తయ్య ఒక్కతే.

ఛ, ఏం రాస్తున్నాను నేను.

ఫిబ్రవరి 13

ఆఫీసు మనిషి వస్తాడన్న సంగతి అత్తయ్యకి చెప్పలేదు. చెప్తే బామ్మర్ది చెవిన పడుతుంది. మా ఆయన్నీ చెప్పొద్దన్నాను. సొంత అమ్మ దగ్గర దాపరికమేంటే అన్నాడు. అయినా సరేనన్నాడు.

నేనే మేలుకుని కాపలా కాస్తాను.

ఫిబ్రవరి 16

కళ్ళల్లో కారం కొట్టినట్టుంది. రాత్రి వార్డులో ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వబోయాను. ఆ ముసలాయనే చూసి, ఇది నాది కాదమ్మా అన్నాడు.

ఫిబ్రవరి 18

పొద్దున వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడు ఒరిగానో తెలీదు. అత్తయ్య లేపి లోపలి గదిలోకి పంపి, కర్టెన్ వేసి, ఫ్యాన్ పెట్టి వెళ్ళింది. అంతవరకు గుర్తుంది.

నిద్రలోనే తలుపు చప్పుడు వినబడింది. మగగొంతు నా పేరు చెప్పి అడిగింది. అత్తయ్య అతన్ని పూర్తి చేయనివ్వలేదు. ఆ నర్సమ్మ ఇక్కడ లేదు బాబూ, ఇల్లు మారిపోయింది అనేసింది. తలుపు మూసింది.

లేచి నైటీలోనే, చెప్పుల్లేకుండా పరిగెత్తాను. బండి వీధి చివర మలుపు తిరిగింది. అరిచాను. ఓనరు కూడా గేటు దగ్గర్నుంచి లేచి అరిచాడు. వినబడలేదు.

ఇంట్లోకొచ్చి అత్తయ్య మీద పడ్డాను. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావ్, ఎవరు చేయమన్నారు అని అడిగాను. అప్పుడు చెప్పింది అత్తయ్య. బీపీ చూడాలి, ఇంజెక్షన్ పొడవాలి అంటూ పగలు నా కోసం ఎవరెవరో వస్తారట. పడుకుందంటే, పర్వాలేదు లేపండి అని గుమ్మంలోనే కూర్చుంటారట. ఇల్లు మారిపోయిందంటే మారు మాట్లాడకుండా పోతారట. నాలుగేళ్ళ నుంచి అందరికీ అదే చెప్తోందట. నువ్వు నిద్రపోవాలనేనే అంది. ఆఫీసు మనిషి వస్తాడని నాకో మాట చెప్పుంటే అంది.

నేను చెప్పలేదు. నేనే చెప్పలేదు.

ఫిబ్రవరి 19

అత్తయ్యని తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను. అబద్ధం చెప్పింది నేనమ్మా, కావాలంటే నన్ను జైల్లో వేయండి, దాని పేరు మాత్రం రాయండి అని అత్తయ్య క్లర్కమ్మ రెండు చేతులూ పట్టుకుంది. మనిషి మళ్ళీ ఇంటికొచ్చి చూస్తేనే రాస్తారట. ఆయన వేరే వార్డుల్లో ఉన్నాడట, రేపటిలోగా కుదరదట. ఎన్నికలయ్యాక రండి అంది. ఎదురుగా నిలబడ్డాను కదండీ అన్నాను. ఇల్లు కాదు కదమ్మా ఇది అంది.

దారి పొడుగునా అత్తయ్య ఏడుస్తూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది. అయినా బస్సులో ఆవిడ మొహం పక్కనుంచి రెండుమూడుసార్లు చూశాను.

ఫిబ్రవరి 20

మనిషి రాలేదు.

మార్చి 9, పోలింగు

మా ఆయనా అత్తయ్యా ఓటేసి వచ్చారు. అత్తయ్య నా మంచం మీద కూర్చుని, మీ పెద్ద సిస్టర్‌కే వేశానే, అది నీ ఓటు అంది. చాలాసేపు ఆ మొహంలోకి చూశాను. నమ్మాలనే ఉంది.

నిజంగానే వేసుంటే, మరి అత్తయ్య ఓటు ఎవరు వేసినట్టు?