మల్లెపూల కట్టు

శావల్యాపురం,
1958 మే 6.

ప్రియమైన జీవరత్నం వదినకు, హన్నమ్మ ఎవరి చేతా రాయించకుండా తన చేత్తోనే రాసుకున్నది.

వియ్యపురాలివి, మర్యాదకి "మీరు" అనాలి. ఈ ఉత్తరంలో అనను. ఏంది వదినా నువ్వు చేసిన పని? నా కూతురు కరుణమ్మ నీకు మనవణ్ణి కన్నది. నాలుగో రోజుకి పాలు పొంగి రొమ్ములు బండరాళ్ళైనయ్. ఒళ్ళు కాలే జ్వరం. రవికె తగిలితే కేక. నేను పొయ్యికాడ నీళ్ళు కాచుకునేలోపల నువ్వు మా పెరట్లో మల్లెలన్నీ కోసి, దాని రొమ్ముల మీద పరిచి గుడ్డ బిగించి కట్టావు.

మల్లెపూలు ఎవరికి కడతారు వదినా? బిడ్డ పోయిన తల్లికి, పాలు ఇంకిపోవాలని కడతారు. నా మనవడు ఉయ్యాల్లో కాళ్ళాడిస్తా ఉండగానే కడతావా? నేను ఆ కట్టు పీకి పారేస్తే, "నొప్పి తగ్గుద్దని కట్టా హన్నమ్మా, నాకింకేం తెలవదు" అని గొణిగి, అన్నం కూడా తినకుండా బస్సెక్కి పోయావు. పో. పాలు నిజంగానే ఎండితే? మేకపాలు వాడికి పడకపోతే? వాడి డొక్క అప్పుడే లోపలికి పోయింది. వాడికేమన్నా అయితే నీ గడప తొక్కను, నిన్ను నా గడప తొక్కనియ్యను.

హన్నమ్మ

శావల్యాపురం,
మే 12.

వదినా,

కోపం అట్టనే ఉంది. ఎవరి మీదన్నదే మారింది.

ఉత్తరం డబ్బాలో వేసిన మర్నాడు నర్సమ్మ కృపామణి వచ్చి చూసింది. "పుట్టినకాణ్ణుంచి పాలిచ్చారా?" అనడిగింది. "లేదమ్మా, ముర్రుపాలు అరగవని మూడు రోజులు ఆపి చక్కెరనీళ్ళు నాకించా. మా అమ్మా అట్టనే చేసింది" అన్నా. "తాగేవాణ్ణి తాగనియ్యకుండా గడ్డకట్టిందని ఏడిస్తే ఎట్టా పెద్దమ్మా? నీ చాదస్తమే ఆ పిల్లని ఇంత చేసింది" అని నలుగుర్లో కడిగేసింది. నిన్ను అన్నేసి తిట్టినదాన్ని, ఆమె చెప్పంగానే పోయి నీళ్ళు కాచి తెచ్చా.

ఆమె వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి, చేత్తో మెల్లగా కాసిని పాలు పిండి, చనుమొన మెత్తబడ్డాక బిడ్డని పట్టించింది. మొదట తల తిప్పి గీపెట్టాడు. తర్వాత పట్టాడు చూడూ, జలగే! కరుణమ్మ పళ్ళు బిగబట్టి ఏడుస్తానే నవ్వింది. వాడు అడిగినప్పుడల్లా ఇయ్యమంది. రెండో రోజుకి రాళ్ళు కరిగినయ్, జ్వరం దిగింది. పాలకేం లోటు లేదు.

నిన్న అల్లుడు ఇన్నయ్య వచ్చాడు. నా ఉత్తరం నీకు చదివి వినిపించింది అతనేనంట. అతనికి ముందు నీకొక బిడ్డ పుట్టి ఆరో రోజున పోయాడంట గదా. అప్పుడు నీ రొమ్ములకి కట్టింది మల్లెపూలేనంట. "మా అమ్మకి తెలిసిన మందు అదొక్కటే అత్తయ్యా" అన్నాడు, తల వంచుకుని.

బిడ్డ పోయిన తల్లికి కడతారని నేను నీకే రాశానే! ఈ చెయ్యి ఇరగ.

వచ్చే ఆదివారం బస్సుకి రండి. మీ మనవడికి నీళ్ళు మీరే పొయ్యండి. మళ్ళీ "మీరు" అంటున్నా, చూశారా? రాకపోతే మూడో ఉత్తరం రాస్తా. దాంట్లో ఏమంటానో నాకే తెలవదు.

మీ హన్నమ్మ